వేలిముద్ర నుంచి చర్మం కిందికి

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి వరకు అద్దె గదుల్లో ఉంటూ పని చేసుకుంటున్న మన తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఈ మధ్య ఒక మాట ఎక్కువగా అడుగుతున్నారు. "కంపెనీలు పనివాళ్ల చేతిలో చిప్ పెడతాయంట కదా, నిజమేనా?" అని. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, కరోనా టీకాతోనే పెట్టేశారని కూడా అంటారు. టీకాలో చిప్ లేదు, అది ఒట్టి పుకారు. కానీ మొదటి ప్రశ్న పుకారు కాదు. దానికి జవాబు చెప్పాలంటే చిప్ గురించి కొంత, మన చరిత్ర గురించి ఎక్కువ మాట్లాడాలి. బడిలో పిల్లలు ఇదే అడిగితే టీచర్ల దగ్గర కూడా ఒక జవాబు ఉండాలి కదా అని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు చిప్ సంగతి. అది బియ్యపు గింజంత ఉండే గాజు గొట్టం. లోపల చిన్న తీగచుట్ట, ఒక నంబరు దాచుకున్న ముక్క. బ్యాటరీ ఉండదు. చదివే యంత్రాన్ని దగ్గరికి తెస్తే, ఆ యంత్రం నుంచి వచ్చే తరంగాలతోనే మేలుకొని తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. లావుపాటి సూదితో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మం కింద దించుతారు. మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో ఆకాశంలోంచి చూసే శక్తి దానికి లేదు. సినిమాల్లో చూపించేది వేరు. అయితే ప్రతి గేటు దగ్గరా, ప్రతి తలుపు దగ్గరా, మూత్రశాల దగ్గర కూడా చదివే యంత్రం పెట్టారనుకోండి, ఆకాశంతో పనేముంది?

అమెరికాలో వెరిచిప్ అనే కంపెనీ చిప్‌ను మనుషుల్లో పెట్టడానికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2004లో అనుమతి ఇచ్చింది. 2006లో ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలో ఒక నిఘా కెమెరాల కంపెనీ, లోపలి గదిలోకి వెళ్లడానికి ఇద్దరు ఉద్యోగుల చేతుల్లో దాన్ని పెట్టించింది. 2017 ఆగస్టు 1న విస్కాన్సిన్ రాష్ట్రంలో రివర్ ఫాల్స్ అనే ఊళ్లో త్రీ స్క్వేర్ మార్కెట్ అనే కంపెనీ వేడుకలా జరిపి దాదాపు 50 మంది ఉద్యోగులకు పెట్టించింది. తలుపు తీయడానికి, కంప్యూటర్ తెరవడానికి, క్యాంటీన్‌లో చిరుతిళ్లు కొనడానికి. బలవంతం ఏమీ లేదు, ఇష్టమైనవాళ్లకే అన్నారు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఎపిసెంటర్ అనే ఆఫీసు భవనంలో 2015 నుంచే ఇది సరదాగా నడిచింది. వీళ్లంతా మంచి జీతాల మనుషులు. వద్దంటే ఉద్యోగం పోదు. పోయినా ఇంకొకటి దొరుకుతుంది.

మేము పట్టించుకున్న సంగతి ఇది కాదు. 2006 మే నెలలో వెరిచిప్ కంపెనీ పెద్ద ఒకాయన టీవీలో కూర్చొని, బయటి దేశాల నుంచి అమెరికాకు కూలి పనికి వచ్చే వలస కార్మికులను గుర్తుపట్టడానికి ఈ చిప్ పెట్టవచ్చని సలహా ఇచ్చాడు. అది జరగలేదు. కానీ ఆలోచన ఎటు పోయిందో చూడండి. ఆఫీసువాళ్లకైతే సౌకర్యం, ఇష్టం. వలస కూలికైతే గుర్తింపు, లెక్క. ఒకే వస్తువు, ఇద్దరు మనుషులు, రెండు మాటలు. అదే నెలలో విస్కాన్సిన్ రాష్ట్రం, ఎవరికీ బలవంతంగా చిప్ పెట్టరాదని చట్టం చేసింది. తర్వాత నార్త్ డకోటా, కాలిఫోర్నియా కూడా చేశాయి. కీడు రాకముందే కంచె వేసుకున్నారన్నమాట.

పనివాడి ఒంటి మీద గుర్తు వేయడం మన దేశానికి కొత్త కాదు. దీన్ని చరిత్రగా చదవాలనడానికి కారణం అదే.

వేలిముద్రతో మొదలుపెడదాం. దొంగలను పట్టుకోవడానికి పుట్టిందని అందరూ అనుకుంటారు. కాదు, పని ఒప్పందం దగ్గర పుట్టింది. 1858లో బెంగాల్‌లోని హుగ్లీ ప్రాంతంలో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర సరఫరాకు రాజ్యధర్ కోనాయ్ అనే స్థానికుడితో ఒప్పందం రాయించాడు. రేపు ఈ సంతకం నాది కాదంటాడేమోనని, అతని అరచేతికి సిరా పూసి కాగితం వెనక అచ్చు వేయించాడు. భయపెట్టడానికే అలా చేశానని తర్వాత హెర్షెలే రాసుకున్నాడు. ఆ భయం నుంచి ఒక శాస్త్రం తయారైంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. వేలిముద్రలను వర్గాలుగా విడగొట్టే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు గానీ, అసలు లెక్క కట్టినవాళ్లు ఆయన కింద పని చేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. 1901లో ఆ పద్ధతి లండన్‌కు పోయింది. అంటే వలస పాలకులు ముందు మన చేతుల మీద నేర్చుకొని, తర్వాత తమ ఊరికి తీసుకుపోయారు.

అంతకు ముందే నుదుటి మీద రాసేవారు. బెంగాల్‌లో 1797 నాటి నిబంధన ప్రకారం యావజ్జీవ శిక్ష పడినవాళ్ల నుదుటి మీద పేరు, నేరం పచ్చబొట్టుగా పొడిచేవారు. గోద్నా అనేవారు. 1849లో దాన్ని ఎత్తేశారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. పచ్చబొట్టు మనది. గోండు, కోయ, లంబాడీ ఆడవాళ్లకు అది అందం, కులగోత్రం, పుట్టిల్లు, చచ్చిన తర్వాత కూడా వెంట వచ్చే ఒకే ఒక నగ. ఆమె తల్లి చెంత కూర్చొని పొడిపించుకునేది. అదే సూది సర్కారు చేతికి పోయాక మనిషిని ఊరి నుంచి వెలివేసే ముద్ర అయింది. సూదిలో తేడా లేదు, పట్టుకున్న చేతిలో ఉంది. కొత్త పరికరం ఏది వచ్చినా మన పిల్లలు ముందు ఆ చేయి ఎవరిదో చూడాలి.

ఇక సముద్రం దాటిన కూలీల సంగతి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, 1834లో మారిషస్‌కు ఒప్పందపు కూలీలను తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో దిగిన 36 మంది ఛోటా నాగపూర్ కొండల ఆదివాసులు. కాగితాల్లో వాళ్లను 'కొండ కూలీలు' అని రాశారు. తర్వాత గోదావరి మొగలోని కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లూ వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలని పేరు పడిందంటే ఆ రేవు వల్లే. ఒప్పందం తీరిన పాత కూలీలు కూడా ఫొటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని 1867లో అక్కడ చట్టం వచ్చింది. టికెట్ లేకుండా రోడ్డు మీద కనబడితే అరెస్టు. ఫొటో ఖర్చు కూడా కూలీదే! 1871లో ఆడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నర్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ వల్లే 1872లో విచారణ కమిషన్ వచ్చింది. చదువు రానివాళ్లు తొమ్మిది వేల మంది ఒక కాగితం మీదికి రావడం ఎంత పెద్ద పనో మన ఊళ్లలో సంతకాలు పోగుచేసినవాళ్లకు తెలుసు.

మన దగ్గరికి వద్దాం. 1871లో ఉత్తర భారతంలో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే మనిషి నేరస్థుడనే చట్టం అది. ఎరుకల, యానాది వంటి మన సముదాయాలు దాని కింద నలిగాయి. ఎరుకలవాళ్లు అంతకు ముందు ఎవరు? ఎద్దుల మీద, గాడిదల మీద తీరం నుంచి ఉప్పు మోసి లోపలి ఊళ్లకు అమ్మి, అక్కడి ధాన్యం వెనక్కి తెచ్చే వర్తకులు. లంబాడీలూ అంతే. ఉప్పు మీద సర్కారు పెత్తనం, ఆ పైన రైలు వచ్చి వాళ్ల బతుకుదెరువు తీసేశాయి. దెరువు పోయి తిరుగుతున్న మనిషిని చూసి 'తిరుగుతున్నాడు కాబట్టి దొంగ' అన్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ కథంతా పాత కాగితాల్లోంచి తవ్వి 2001లో పుస్తకంగా తెచ్చారు. డిగ్రీ చదివే మన పిల్లలు తప్పక చూడాలి.

ఆ చట్టం పని చేసిన తీరు జాగ్రత్తగా గమనించండి. ముందు పేరు పట్టీలోకి ఎక్కిస్తారు. వేలిముద్రలు తీసుకుంటారు. ఫలానా వేళకు వచ్చి హాజరు చెప్పాలి. ఇల్లు మారితే, ఊరు దాటితే ముందుగా తెలపాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా చట్టంలో రాసుకున్నారు. ఇదంతా చేసి మనుషులను సెటిల్‌మెంట్లలోకి చేర్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913 ప్రాంతంలో అలాగే ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు ఇచ్చారు. నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటును బాప్టిస్టు మిషన్ నడిపింది.

సెటిల్‌మెంటు అనగానే జైలు గుర్తొస్తుంది. కానీ అది జైలు కంటే ఎక్కువగా కూలీల కొట్టం. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి మనుషులు కావాలి. స్టువర్టుపురంలో పాస్ లేకుండా గడప దాటలేని మనుషులున్నారు. ఇంకేం కావాలి? బయటి కూలీ కూలి చాలకపోతే పని మానేసి పోతాడు. సెటిల్‌మెంటు మనిషి పని మానేసి ఎక్కడికి పోతాడు? చెప్పకుండా పోతే అది చట్టం కింద నేరం. కంపెనీకి తాళం వేసే పని లేదు, పోలీసు వేసే ఉంచాడు. శ్రమకు ధర అడిగే బలం ఆ మనిషి చేతిలోంచి పోయింది. గుర్తింపు, హాజరు, పాస్ మూడూ కలిస్తే జరిగేది ఇదే. మేము చిప్ గురించి భయపడేది చిప్ చూసి కాదు, స్టువర్టుపురం చూసి.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. అయితే దాని జాగాలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. పట్టీలు పోలీసు స్టేషన్లలోనే ఉన్నాయి. 2022లో పార్లమెంటు చేసిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం, 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం జాగాలో వచ్చి, వేలిముద్రలతో పాటు కంటిపాప, రక్తం వంటి నమూనాలు తీసుకోవడానికి కూడా వీలిచ్చింది. మనకు ఇది దూరపు విషయం కాదు. డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉన్నది ఉప్పల్‌లోనే. హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీలో లాల్జీ సింగ్ మన దేశానికి సొంత డీఎన్ఏ పరీక్ష పద్ధతి తయారు చేశారు. ఎన్నో కేసుల్లో అది నిర్దోషులను కాపాడగలదు కూడా. ఆ గేటు ముందు నుంచే రోజూ పనికి పోయే మన పిల్లల్లో కొందరు ఒకనాటికి లోపల శాస్త్రవేత్తలుగా ఉండాలని మా కోరిక. శాస్త్రం మీద మాకు పగ లేదు.

మా గొడవ ఒప్పుకోలు గురించి. చర్మం కిందికి ఏది పోవాలన్నా మనిషి తెలిసి ఒప్పుకోవాలి. అది మన దగ్గర ఎలా జరిగిందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది మన ఆశ్రమ పాఠశాలల పిల్లలు. గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకాను ప్రపంచంలో ఎన్నో దేశాలు వాడుతున్నాయి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడుతుంది, మా ఆడపిల్లలు వేయించుకోవాలనే మేమూ అంటాం. కానీ అదే విచారణలో 9,543 ఒప్పుకోలు పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. తల్లి గూడెంలో ఉంది, ఒప్పుకున్నది వార్డెన్. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. మన సంక్షేమ హాస్టళ్లలో పని చేసే టీచర్లు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. రేపు ఇంకే పత్రమైనా మొదట వచ్చేది వాళ్ల బల్ల మీదికే.

చర్మం కింద పెట్టే వస్తువుకు ఇంకో గుణముంది. పెట్టడం సులువు, తీయడానికి ఇంకొకరి దయ కావాలి. నార్‌ప్లాంట్ అని పిల్లలు పుట్టకుండా మోచేతి పైన చర్మం కింద ఆరు గొట్టాలు పెట్టే పద్ధతికి అమెరికాలో 1990 చివర అనుమతి వచ్చింది. నెల తిరక్కుండానే, 1991 జనవరిలో, కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి ఒక పేద నల్లజాతి తల్లికి శిక్షలో భాగంగా దాన్ని పెట్టించుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. అదే ఏడాది కాన్సాస్‌లో, ప్రభుత్వ సాయం మీద బతికే ఆడవాళ్లు పెట్టించుకుంటే 500 డాలర్లు ఇవ్వాలని బిల్లు పెట్టారు. నెగ్గలేదు. కానీ కొత్త వస్తువు చేతికి రాగానే ఎవరి మోచేయి గుర్తొచ్చిందో చూశారా! మన దగ్గర కూడా 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని పేద ఆడవాళ్ల మీద పరీక్షించబోతే, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అడ్డుపడి, తర్వాత సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఇప్పుడు ఈ రోజు సంగతి. పొద్దున్నే ఉప్పల్ అడ్డా మీద నిలబడే కూలీకి హాజరు మేస్త్రీ కన్ను. నాచారం, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియా గేట్లలో బొటనవేలి యంత్రం, లేదంటే ముఖం చూసే కెమెరా. ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ వంటి పనుల్లో, సిమెంటులో, ఇటుకలో చేతులు పెట్టిన మనిషికి వేలి గీతలు అరిగిపోతాయి. యంత్రం 'నువ్వు నువ్వు కాదు' అంటుంది. పని చేసిన చేయే పని చేయలేదని సాక్ష్యం చెబుతుంది. జీహెచ్‌ఎంసీ 2017లో పారిశుధ్య కార్మికులకు వేలిముద్ర హాజరు పెట్టింది. తర్వాత కొందరు పర్యవేక్షకులు కృత్రిమ వేలిముద్రలు తయారు చేసి, రాని మనిషికి హాజరు వేసి డబ్బు తిన్న కేసులు, అరెస్టులు పత్రికల్లో చదివాం. కింద ఉన్న మనిషిని నమ్మక యంత్రం పెడితే, మోసం పైమెట్టు మీద జరిగింది. ఒక రకంగా నవ్వొచ్చే సంగతే.

ఊరికి పోతే ఉపాధి హామీలోనూ అంతే. ఫొటోతో హాజరు వేసే యాప్‌ను 2021 మే 21న ప్రయోగంగా మొదలుపెట్టి, 2023 జనవరి 1 నుంచి అన్ని పనుల్లో తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫొటోలు. ఏజెన్సీ గుట్టల్లో సిగ్నల్ లేకపోతే ఫొటో ఎక్కదు, ఫొటో లేకపోతే కూలి లేదు. 2024 జనవరి 1 నుంచి చెల్లింపులు ఆధార్‌తో ముడిపడ్డాయి. చండీగఢ్, పంచకుల, నాగపూర్ వంటి నగరాల్లో ఊడ్చే కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు తొడిగారు. వేళకు, తిరిగిన చోటుకు జీతం కోత ముడిపెట్టారు. ఆడవాళ్లు మూత్రానికి పోవాలన్నా ఎవరో చూస్తున్నారని కుంచించుకుపోయారు. వాచీని ఇంటికి తీసుకుపోయి చార్జింగ్ పెట్టుకోవడం కూడా వాళ్ల పనే. మారిషస్ కూలీ ఫొటో ఖర్చు గుర్తుందా? చండీగఢ్‌లో కార్మికులు ఆ వాచీల మీద ధర్నాలు చేశారు.

కాబట్టి అడిగిన పిల్లలకు మా జవాబు ఇది. మన దేశంలో కూలీల చేతుల్లో చిప్ ఎవరూ పెట్టడం లేదు. పెట్టకుండానే దాని పని చాలావరకు నడుస్తోంది. వాచీని సాయంత్రం విప్పవచ్చు, కార్డు ఇంట్లో మరచిపోవచ్చు, ఫోన్ ఆపవచ్చు. చిప్ వస్తే పోయేది ఆ చిన్న సందు. పని గంటలు అయిపోయాక కూడా ఒంట్లో ఉండే యజమాని సొత్తు అది. దాన్ని బలవంతంగా ఎవరూ పెట్టరు. 'ఇష్టమైతేనే' అంటారు. లేనివాళ్ల వరుస వేరు, ఉన్నవాళ్ల వరుస వేరు అంటారు. చిప్ ఉన్నవాడికి జీతం ఆ రోజే, లేనివాడికి పదిహేనో తారీకు అంటారు. అప్పుడు ఇష్టం అనే మాటకు ఏం మిగులుతుంది?

చట్టం మనకు ఏ మాత్రం అండగా ఉంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. శరీరం మీద మనిషికే హక్కు అన్న మాట ఆ తీర్పులో ఉంది. అది గట్టి ఆధారం. కానీ 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 7వ సెక్షన్ చదవండి. ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడడం కోసం పనివాడి సమాచారాన్ని అతని ఒప్పుకోలు లేకుండానే వాడుకోవచ్చని అందులో వీలుంది. ఒప్పుకోలు అన్ని చోట్లా కావాలట, పని చోట తప్ప. విస్కాన్సిన్ చేసినట్టు, ఎవరి ఒంట్లోనూ బలవంతంగా చిప్ పెట్టరాదని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో గానీ, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గానీ లేదు.

అది అడగడానికి ఇదే సమయం, ఇంకా ఎవరి చేతిలోనూ సూది దిగలేదు కనుక. అడిగేటప్పుడు చిప్ ఒక్కదాన్నే కాదు, వాచీని, ముఖం కెమెరాను కూడా కలిపి అడగాలి. యంత్రం గుర్తుపట్టకపోయినా చేసిన పనికి కూలి ఆగకూడదని, వద్దన్నవాళ్ల పని తీయకూడదని, పత్రం మనకు వచ్చిన భాషలో, గోండీలోనో కోయలోనో లంబాడీలోనో చదివి వినిపించి, ఆలోచించుకోవడానికి గడువు ఇవ్వాలని. మేడిపల్లి గదుల్లో ఉండే మన పిల్లలు ఒక పని చేయవచ్చు. చేరేటప్పుడు ఎన్ని కాగితాల మీద సంతకం చేశారో, వాటిలో ఏముందో, ఒక నకలైనా చేతికి ఇచ్చారో లేదో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. స్టువర్టుపురం మనుషుల గురించి రాసినవన్నీ పోలీసు, మిషన్ కాగితాలే. వాళ్లు తమ గురించి తాము రాసుకున్న పట్టీ ఒక్కటీ మా చేతికి రాలేదు.